రాజకీయ అభిప్రాయం సొంతంగా ఏర్పరుచుకోవడం ఎలా: జమిలి ఎన్నికలు ఉదాహరణగా పూర్తి పద్ధతి

"జమిలి ఎన్నికలు మంచివా, కాదా? ఒక్క ముక్కలో చెప్పండి." ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇది. ఒక్క ముక్కలో చెప్పగలను. కానీ అది నా అభిప్రాయం. మీ దగ్గర అరువు సొమ్ములా ఉంటుంది. ఎవరైనా గట్టిగా ఎదురు ప్రశ్న వేస్తే దాన్ని నిలబెట్టుకోవడం మీకు కష్టం.

అందుకే జవాబు బదులు పద్ధతి రాస్తున్నాను. నేను ఏ అంశానికైనా ఇదే వాడతాను. ఉదాహరణకు మాత్రం జమిలినే, అంటే లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు ఒకేసారి జరపడాన్నే తీసుకున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, లోక్‌సభ ఓట్లు ఎప్పటినుంచో ఒకేసారి వేస్తున్నారు. తెలంగాణలో 2018 నుంచి విడివిడిగా వేస్తున్నారు. రెండు పద్ధతులూ మన కళ్ల ముందే ఉన్నాయి కాబట్టి పోల్చి చూడటం మనకు సులువు.

చాలామందికి ఉన్న ఒక భయం గురించి ముందే చెప్పాలి. మనసు తెరిచి ఆలోచిస్తే గోడ మీద పిల్లి అంటారేమోనని భయపడతారు. గోడ మీద పిల్లి ఎటు లాభముంటే అటు దూకుతుంది. మనం ఎటు కారణం ఉంటే అటు వెళ్తాం. ఆ కారణమేమిటో కాగితం మీద రాసి ఉంచుకుంటాం కాబట్టి ఎవరడిగినా చూపించగలం.

## 1. మొదలుపెట్టే ముందు

ఒకే రోజు కూర్చుని తేల్చేయకండి. నలభై నిమిషాల చొప్పున నాలుగు రోజులు పెట్టుకుంటే మంచిది. మధ్యలో ఒక రాత్రి గడిస్తే కోపం తగ్గుతుంది, ప్రశ్నలు పెరుగుతాయి.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- ఒక నోటుపుస్తకం. ఫోన్లో రాస్తే వాట్సాప్ లాగేస్తుంది.
- ఒకే ఒక్క అంశం. "దేశం ఎటు పోతోంది" అనేది అంశం కాదు.
- ఆ అంశానికి సంబంధించిన అసలు కాగితం: బిల్లు, జీవో, తీర్పు, నివేదిక, ఏదైనా సరే.
- మీతో ఏకీభవించని మనిషి ఒకరు. గొంతు పెంచకుండా మాట్లాడగలిగేవారైతే చాలు.

ఎన్నికల ఫలితాలు వచ్చిన వారంలోనూ, అసెంబ్లీలో గొడవ జరిగిన రోజు రాత్రీ ఈ పని పెట్టుకోకండి. అప్పుడు రాసేది అభిప్రాయం కాదు, ఆవేశం.

## 2. అంశాన్ని ప్రశ్నగా మార్చండి

"జమిలి ఎన్నికలు" అని రాస్తే అది శీర్షిక. "దేశమంతా లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు ఒకేసారి జరిగేలా రాజ్యాంగాన్ని సవరించాలా?" అని రాస్తే ప్రశ్న.

ఇంకొంచెం లోపలికి వెళ్తే ఇందులో రెండు ప్రశ్నలున్నాయని తెలుస్తుంది. ఒకేసారి జరగడం మంచిదేనా అనేది ఒకటి. దానికోసం ఇప్పుడు తెచ్చిన బిల్లు మంచిదేనా అనేది రెండోది. మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని చెప్పే హక్కు మీకుంది. టీవీ చర్చల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు. సగం గొడవ అక్కడే మొదలవుతుంది.

సరిచూసుకోండి: మీ ప్రశ్నలో ఏ పార్టీ పేరైనా, ఏ నాయకుడి పేరైనా ఉందా? ఉంటే తీసేసి మళ్లీ రాయండి.

## 3. ఇప్పుడున్న అభిప్రాయాన్ని దాచకుండా రాయండి

ఏమీ చదవకముందే మీ మనసులో ఏదో ఒక జవాబు ఉంటుంది. దాన్ని రాయండి. ఎంత గట్టిగా నమ్ముతున్నారో పదికి మార్కులు వేయండి. ఈ జవాబు ఎక్కడినుంచి వచ్చిందో కింద రాయండి: ఇంట్లో వాళ్లా, పత్రికా, అభిమాన నాయకుడా, కులమా, ఉద్యోగ అనుభవమా?

జమిలి విషయంలో నేను "వ్యతిరేకం, 10కి 8" అని రాసుకున్నాను. ఎక్కడినుంచి అని రాయబోతే పెన్ను ఆగిపోయింది. నిజం చెప్పాలంటే, నాకు నచ్చని వాళ్లు దాన్ని సమర్థిస్తున్నారు. అంతకుమించి నా దగ్గర పెద్ద కారణం లేదు. ఎనిమిది మార్కుల నమ్మకానికి ఆ పునాది చాలదని అప్పుడే అర్థమైంది.

ఈ అడుగు దాటేయకండి. మొదటి అభిప్రాయం రాసిపెట్టుకోకపోతే, తర్వాత చదివిందంతా దాన్నే బలపరుస్తున్నట్టు కనిపిస్తుంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదించే మనిషి అబద్ధమాడుతున్నానని అనుకోడు. నాలుగో కాలు అతనికి నిజంగానే కనపడదు.

## 4. ప్రశ్నను మూడు కుప్పలు చేయండి

పేజీని నిలువుగా మూడు గళ్లు చేయండి.

జరిగినవి. రుజువుతో తేల్చుకోగలిగేవి. ఉదాహరణ: 1951–52 నుంచి 1967 దాకా దేశంలో లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు దాదాపు కలిసే జరిగాయి. తర్వాత కొన్ని అసెంబ్లీలు ముందే రద్దయ్యాయి. 1970లో లోక్‌సభ కూడా గడువుకు ముందే రద్దవడంతో లెక్క తప్పింది.

జరగబోయేవి. అంచనాలు. "ఖర్చు తగ్గుతుంది", "ప్రాంతీయ పార్టీలు దెబ్బతింటాయి", "పాలన సాఫీగా సాగుతుంది". వీటిని రుజువు చేయలేం. ఏది ఎంత నమ్మదగిందో మాత్రం బేరీజు వేయగలం.

మనకు ముఖ్యమైనవి. విలువలు. స్థిరమైన ప్రభుత్వం ముఖ్యమా, ఓటరు తరచూ నిలదీయగలగడం ముఖ్యమా? రాష్ట్రం తన ఎన్నికలు తన గడువు ప్రకారం జరుపుకోవడం ముఖ్యమా, దేశమంతా ఒకే లెక్కలో ఉండటం ముఖ్యమా?

మీరు విన్న ప్రతి వాదనా ఏదో ఒక గడిలో పడుతుంది. మొదటి గడిలోవి వెతికి తేల్చుకోవాలి. రెండోవి తూచాలి. మూడోవి మనసును అడగాలి. ఇంట్లో జరిగే వాదనలు తెగకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ఒకరు మూడో గడిలో నిలబడి మాట్లాడుతుంటే ఇంకొకరు మొదటి గడిలోంచి అంకెలు విసురుతుంటారు.

## 5. అసలు కాగితం చదవండి

మీకు ఒక్క అడుగుకే సమయముంటే దీనికే కేటాయించండి.

జమిలి బిల్లు పేరు రాజ్యాంగ (129వ సవరణ) బిల్లు, 2024. రామ్‌నాథ్ కోవింద్ అధ్యక్షతన వేసిన ఉన్నతస్థాయి కమిటీ 2024 మార్చి 14న నివేదిక ఇచ్చింది. అది 18,626 పేజీలు. అంత చదవక్కర్లేదు. బిల్లు మాత్రం కొద్ది పేజీలే. పార్లమెంటు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వాళ్లు ఇలాంటి బిల్లులకు చిన్న సారాంశాలు ఇస్తారు. ముందు సారాంశం, వెంటనే బిల్లు, ఆ తర్వాతే వార్తలు, చర్చలు. ఈ వరస తిరగేస్తే వ్యాఖ్యాతల కళ్లతో బిల్లు చదువుతారు.

బిల్లు దగ్గర పెట్టుకుని నాకు వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లను ఒక్కొక్కటే సరిచూశాను.

*"లోక్‌సభ జమిలి బిల్లును ఆమోదించేసింది."* కాదు. 2024 డిసెంబరు 17న బిల్లు ప్రవేశపెట్టడం మీద ఓటింగ్ జరిగింది. 269 మంది అనుకూలం, 198 మంది వ్యతిరేకం. ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ చాలు. ఇలాంటి రాజ్యాంగ సవరణ నెగ్గాలంటే మాత్రం ఒక్కో సభలో మొత్తం సభ్యుల్లో సగానికి పైగా అనుకూలంగా ఉండాలి, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మద్దతు రావాలి. ఆ తర్వాత బిల్లును 39 మంది సభ్యుల సంయుక్త పార్లమెంటరీ కమిటీకి పంపారు.

*"పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా ఒకే రోజు ఓటు."* ఇదీ కాదు. స్థానిక సంస్థల ఎన్నికలను సార్వత్రిక ఎన్నికలైన 100 రోజుల్లోపు జరపాలని కోవింద్ కమిటీ సిఫారసు చేసింది. ఈ బిల్లులో ఆ మాట లేదు. "ఒకే రోజు" అన్నదీ తప్పే. ఒకేసారి అంటే ఒకే ఎన్నికల కాలంలో అని అర్థం. 2024 లోక్‌సభ ఎన్నికలే ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 దాకా ఏడు దశల్లో జరిగాయి.

*"మధ్యలో ప్రభుత్వం పడిపోతే మిగతా కాలమంతా రాష్ట్రపతి పాలనే."* బిల్లులో అలా లేదు. మళ్లీ ఎన్నికలు జరుగుతాయి. అయితే కొత్త సభకు ఐదేళ్లు ఉండవు, పాత సభకు మిగిలిన కాలమే ఉంటుంది. దీని మీద నిజమైన అభ్యంతరాలున్నాయి. అబద్ధపు మెసేజ్ వల్ల ఆ అసలు అభ్యంతరం ఎవరికీ తెలియకుండా పోతోంది.

*"ఏ క్షణమైనా జమిలి."* బిల్లులో కొత్తగా చేర్చే 82ఎ అధికరణం ప్రకారం, సార్వత్రిక ఎన్నికల తర్వాత లోక్‌సభ తొలిసారి సమావేశమైన రోజున రాష్ట్రపతి నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. ఆ తేదీ తర్వాత ఎన్నికైన అసెంబ్లీలన్నీ ఆ లోక్‌సభతోపాటే ముగుస్తాయి. ఇప్పటి లోక్‌సభ తొలి సమావేశం 2024 జూన్‌లోనే అయిపోయింది. కాబట్టి బిల్లు ఇదే రూపంలో చట్టమై, లోక్‌సభ పూర్తికాలం నడిస్తే, నోటిఫికేషన్ 2029లో, మొదటి జమిలి 2034లో.

ఇక్కడ ఆగి మన రెండు రాష్ట్రాలకు లెక్క వేయండి. ఆంధ్రప్రదేశ్‌కు పెద్ద మార్పేమీ ఉండదు, ఇప్పటికే లోక్‌సభతో కలిసి నడుస్తోంది. తెలంగాణ సంగతి వేరు. 2023 చివర్లో ఏర్పడిన అసెంబ్లీ గడువు 2028 చివరిదాకా. తర్వాతది 2033 చివరిదాకా. ఆపైన ఎన్నికయ్యే అసెంబ్లీ, బిల్లును ఉన్నదున్నట్టు చదివితే, 2034 మధ్యలో లోక్‌సభతో పాటే ముగియాలి. అంటే ఆరు నెలలు! ఈ ఒక్క లెక్క నేను ఏ చర్చలోనూ వినలేదు. నోటుపుస్తకంలో వేసుకుంటేనే తెలిసింది. దీనికి సంయుక్త కమిటీ ఏదైనా సవరణ చెబుతుందేమో చూడాలి. కానీ ఒకే బిల్లు విజయవాడలో ఒకలా, వరంగల్‌లో ఇంకోలా తగులుతుందని తెలిశాక నా ప్రశ్నలే మారిపోయాయి.

చదివేటప్పుడు చూడాల్సినవి:

- "చేయవచ్చు" అని ఉందా, "చేయాలి" అని ఉందా? చట్టంలో ఈ రెండింటికీ చాలా తేడా ఉంది.
- నిర్ణయం ఎవరి చేతిలో పెట్టారు? 82ఎలోని ఒక క్లాజు ప్రకారం, ఏదైనా అసెంబ్లీకి ఒకేసారి ఎన్నిక జరపలేమని ఎన్నికల సంఘం భావిస్తే వాయిదాకు రాష్ట్రపతికి సిఫారసు చేయవచ్చు.
- ఎప్పటినుంచి అమలు?
- కోవింద్ కమిటీ సిఫారసుల్లో ఏవి బిల్లులోకి రాలేదు?

ఇంగ్లీషు చట్టభాష కష్టమనిపిస్తే సిగ్గుపడాల్సిన పనేం లేదు. లా చదువుతున్న పిల్లలెవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. యాప్‌తో అనువాదం చేస్తే మాత్రం ముఖ్యమైన వాక్యాలను ఇంకొకరితో సరిచూపించుకోండి.

## 6. అంకెలను చిన్నవి చేసి, పక్కపక్కన పెట్టండి

వేల కోట్లు అనగానే మన బుర్ర పనిచేయడం మానేస్తుంది. దాన్ని ఏడాదికి, ఆపైన మనిషికి పంచి చూడండి.

ఉదాహరణకు ఒకేసారి ఎన్నికలు జరిపితే ఒక్కో బూత్‌లో రెండు సెట్ల యంత్రాలు కావాలి. కొత్త ఈవీఎంలకు ప్రతి 15 ఏళ్లకూ సుమారు 10,000 కోట్ల రూపాయలు కావాలని ఎన్నికల సంఘం అంచనా. వ్యతిరేకించేవాళ్లు దీన్ని పెద్ద అంకెగా చూపిస్తారు. 15తో భాగిస్తే ఏడాదికి 667 కోట్లు. 2024లో ఓటర్లు సుమారు 97 కోట్లు. అంటే ఓటరుకు ఏడాదికి 7 రూపాయలు. వద్దనడానికి ఇదొక్కటే కారణమైతే అది బలహీనమైన కారణం.

సమర్థించేవాళ్లు చెప్పే ఆదాకూ ఇదే పరీక్ష పెట్టండి. ఎవరి ఖర్చు తగ్గుతుంది? లోక్‌సభ ఎన్నికల ఖర్చు కేంద్రానిది, అసెంబ్లీది రాష్ట్రానిది, రెండూ కలిసి జరిగితే చెరి సగం. ఇది ఖజానా లెక్క. అభ్యర్థుల లెక్క వేరు. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి పరిమితి 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థిది 40 లక్షలు. పార్టీ పెట్టే ఖర్చుకు అసలు పరిమితే లేదు. "లక్ష కోట్లు ఆదా" లాంటి మెసేజ్ వస్తే ఈ మూడింటిలో ఏ లెక్కో అడగండి. జవాబు రాకపోతే ఆ అంకె కొట్టేయండి.

పోలింగ్ శాతం చూద్దాం. 2024 మేలో ఆంధ్రప్రదేశ్‌లో రెండు ఓట్లూ కలిపి వేశారు, పోలింగ్ 80 శాతం దాటింది. అదే రోజు తెలంగాణలో లోక్‌సభ ఓటు మాత్రమే, 66 శాతం దగ్గర ఆగింది. జమిలి గెలిచేసినట్టేనా? తొందరపడకండి. హైదరాబాద్‌లో పోలింగ్ ఎప్పుడూ తక్కువే, అది మొత్తం సగటును లాగుతుంది. వేర్వేరు రాష్ట్రాలను పోల్చడం కంటే ఒకే రాష్ట్రాన్ని రెండు కాలాల్లో పోల్చడం మేలు. 2014లో తెలంగాణలోనూ రెండు ఓట్లూ ఒకేసారి పడ్డాయి. నియోజకవర్గాల వారీగా ఆ అంకెలు ఎన్నికల సంఘం దగ్గర ఉన్నాయి. మీ నియోజకవర్గంతోనే మొదలుపెట్టండి.

"ఒకేసారి ఓటేస్తే జనం రెండింటికీ ఒకే గుర్తు మీద వేస్తారు" అనే వాదన కూడా ఉంది. 2019 ఆంధ్రప్రదేశ్ ఫలితం దీన్ని సమర్థిస్తుంది: వైసీపీకి 175లో 151 అసెంబ్లీ సీట్లు, 25లో 22 లోక్‌సభ సీట్లు. అదే ఏడాది, అదే పద్ధతిలో ఓటేసిన ఒడిశా దీన్ని కాదంటుంది: అసెంబ్లీలో బీజేడీకి తిరుగులేని మెజారిటీ, లోక్‌సభలో మాత్రం 21లో 8 సీట్లు బీజేపీకి. మీకు నచ్చిన ఉదాహరణ దొరకగానే ఆగిపోకండి. దాన్ని కాదనే ఉదాహరణ ఒకటి దొరికేదాకా వెతకండి. ఇది నేను ఎంతో కష్టపడి అలవాటు చేసుకున్న పని. ఇప్పటికీ ప్రతిసారీ బద్ధకమే అడ్డొస్తుంది.

## 7. అవతలి వాదనను వాళ్లు ఒప్పుకునేలా రాయండి

అర పేజీ చాలు. మీరు వ్యతిరేకించే పక్షం తరఫున, వాళ్ల లాయరులా రాయండి. రాసింది ఆ పక్షం మనిషికి చూపించండి. "ఇంతకంటే బాగా నేనూ చెప్పలేను" అంటే మీరు పాసైనట్టు. "అసలు మా మాట అది కాదు" అంటే అడిగి తెలుసుకుని మళ్లీ రాయండి.

నేను రాసింది ఖమ్మంలో ఉండే మా మామయ్యకు చూపించాను. ఆయన రిటైరైన టీచరు, జమిలికి గట్టి మద్దతుదారు. "ఎన్నికల కోడ్ వల్ల అభివృద్ధి పనులు ఆగిపోతాయి" అని మొదలుపెట్టాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నడుస్తున్న పనులు కోడ్ వచ్చినా నడుస్తాయమ్మా. నా బాధ అది కాదు. 2018 డిసెంబరులో అసెంబ్లీ, జనవరిలో పంచాయతీ, ఏప్రిల్‌లో లోక్‌సభ, మేలో ఎంపీటీసీ, జడ్పీటీసీ. ఆర్నెల్లలో నాలుగు డ్యూటీలు. మా పదో తరగతి పిల్లలకు ఆ ఏడాది లెక్కలు సగమే చెప్పాను."

అది నా కాగితంలో లేదు. నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఇంత సూటిగా లేదు. వెంటనే నా దగ్గరున్న బిల్లు చూపించి అడిగాను: "మామయ్యా, ఇందులో పంచాయతీ, పరిషత్ ఎన్నికల మాటే లేదు. మీ నాలుగు డ్యూటీల్లో ఒక్కటే తగ్గుతుంది. అప్పుడు కూడా ఇదే మాట అంటారా?" ఆయన కాసేపు ఆలోచించి, "ఒకటి తగ్గినా తగ్గినట్టే. కానీ నేననుకున్నంత కాదన్నమాట" అన్నారు. ఇద్దరం చెరో మెట్టు దిగాం. ఆరేళ్లుగా ఫ్యామిలీ గ్రూపులో మేం పంపుకున్న ఫార్వార్డ్‌లు ఈ పని చేయలేకపోయాయి.

మాట్లాడేటప్పుడు:

- "ఎందుకలా అనుకుంటున్నారు?" కంటే "మీకు ఎక్కడ ఎదురైంది?" అని అడగండి. మొదటిదానికి వాదన వస్తుంది, రెండోదానికి అనుభవం వస్తుంది.
- గ్రూపులో వద్దు. ఇద్దరే కూర్చుని మాట్లాడండి. నలుగురిలో ఎవరూ వెనక్కి తగ్గలేరు.
- పెద్దవాళ్లతో మాట్లాడితే ఒప్పించడానికి కాదు, తెలుసుకోవడానికి వచ్చానని ముందే చెప్పండి. నిజంగా అలాగే వెళ్లండి.

## 8. పేర్లు తీసేసి తీర్పు చెప్పండి

మనకు తెలియకుండానే మనం వేసే కొలతలు పార్టీని బట్టి మారతాయి. దీన్ని పట్టుకోవడానికి జమిలి కంటే ఫిరాయింపులు మంచి ఉదాహరణ. మూడు చీటీలు రాసుకోండి.

- చీటీ 1: ఒక రాష్ట్రంలో ప్రతిపక్షం గెలిచింది 67 సీట్లు. ఐదేళ్లలో 23 మంది అధికార పార్టీలోకి వెళ్లారు.
- చీటీ 2: ప్రతిపక్షానికి మిగిలింది 18 మంది. వారిలో 12 మంది ఒకేసారి అధికార పార్టీలో విలీనమయ్యారు.
- చీటీ 3: ప్రతిపక్షం గెలిచింది 39 సీట్లు. ఏడాది తిరక్కుండా 10 మంది అధికార పార్టీ వైపు వెళ్లారు.

ఒక్కో చీటీకి "తప్పు", "తప్పు కాదు", "ఎంత తప్పు" అని రాసేశాకే కింది వాక్యం చదవండి.

మొదటిది 2014–19 ఆంధ్రప్రదేశ్, వైసీపీ నుంచి టీడీపీకి. రెండోది 2019 తెలంగాణ, కాంగ్రెస్ నుంచి టీఆర్ఎస్‌కు. మూడోది 2024 తెలంగాణ, బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్‌కు.

పేర్లు తెలిశాక తీర్పు మార్చాలనిపిస్తే, ఎందుకో రాయండి. సరైన కారణం ఉండొచ్చు కూడా. రాజ్యాంగంలో ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు ప్రకారం మూడింట రెండొంతుల మంది విలీనానికి ఒప్పుకుంటే అనర్హత నుంచి మినహాయింపు ఉంది. 18లో 12 ఆ గీతను అందుకుంటుంది, మిగతా రెండూ అందుకోవు. ఇది చట్టపరమైన తేడా. ఓటరుకు జరిగిన నష్టంలో తేడా ఉందా అనేది మళ్లీ వేరే ప్రశ్న, అది మూడో గడిలోది. "మా వాళ్లు చేసింది రాజకీయ అవసరం" అన్నది మాత్రం కారణం కాదు.

జమిలికి కూడా ఇదే చేయండి. 2018లో లా కమిషన్ అడిగినప్పుడు టీఆర్ఎస్ మద్దతు చెప్పింది, టీడీపీ వ్యతిరేకించింది. 2024 డిసెంబరులో బిల్లు వచ్చేసరికి టీడీపీ మద్దతు చెప్పింది. పార్టీలు మాట మార్చడం నేరం కాదు. ఈ మధ్యకాలంలో ఏ కొత్త విషయం తెలిసి మార్చాయో అడగండి. అదే ప్రశ్న మీరు మీకూ వేసుకోండి.

## 9. దారి తప్పే చోట్లు

పది చోట్ల కనిపిస్తే పది సాక్ష్యాలనుకోవడం. ఒకే ప్రెస్ మీట్ నుంచి పది వార్తలు పుడతాయి. అందరూ ఎవరి మాటను చెబుతున్నారో వెనక్కి వెళ్లి చూడండి. పది దారులూ ఒకే మనిషి దగ్గర ఆగితే అది ఒక్క సాక్ష్యమే.

రెండు పత్రికలు చదివితే సరిపోతుందనుకోవడం. మన పత్రికలు, చానళ్లలో ఏది ఏ పార్టీకి దగ్గరో మీకు తెలియనిది కాదు. రెండు వైపులవీ చదవాలి, కానీ సగటు తీయకూడదు. ఇద్దరూ ఒప్పుకున్న వాస్తవాలను ముందు ఏరుకోండి. ఒకరు రాసి ఇంకొకరు అసలు రాయని వాటిని రెండో జాబితాలో పెట్టి, వాటిని అసలు కాగితంలో వెతకండి. ఫోటోలు, వీడియోల మీద అనుమానముంటే తెలుగులోనూ రాసే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలున్నాయి.

"వాళ్లూ చేశారుగా" అనడం. నిజమే కావచ్చు. అయినా మీ ముందున్న ప్రశ్నకు అది జవాబు కాదు. దాన్ని ఎనిమిదో అడుగులో చీటీగా వాడుకోండి, వాదనగా వాడకండి.

రెండు వైపులా సమానమే అని సర్దేసుకోవడం. మనసు తెరిచి ఆలోచించడమంటే ప్రతిదానికీ సగం సగం మార్కులు వేయడం కాదు. "లోక్‌సభ ఆమోదించింది" అనేది అబద్ధం. దానికి రెండో వైపు లేదు.

కులం, ఊరు, అభిమానం లేవన్నట్టు నటించడం. ఉంటాయి. మూడో అడుగులో వాటి పేరు రాసేస్తే చాలు, కళ్ల ముందు ఉంటాయి. వాటిలో కొన్ని విలువైన అనుభవాలు కూడా. భూమి సేకరణ మీద భూమి పోయిన రైతు కుటుంబానికి తెలిసింది మనకు తెలియదు.

సమాచారం దొరకలేదని వదిలేయడం. ప్రభుత్వం దగ్గరుండే సమాచారమైతే సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి. "ఎందుకు చేశారు" అని కాకుండా "ఫలానా ఫైలు నకలు ఇవ్వండి" అని అడిగితే పని జరుగుతుంది.

టెన్షన్‌తో చదవడం. గుండె వేగంగా కొట్టుకుంటుంటే పుస్తకం మూసేయండి. రేపు కూడా ఆ బిల్లు అక్కడే ఉంటుంది.

## 10. అభిప్రాయం రాసి, తేదీ వేయండి

ఆఖరి కాగితం పోస్టుకార్డంత ఉంటే చాలు. ఆరు వరుసలు. నాది ఇలా ఉంది, మీది వేరేగా ఉండొచ్చు.

ప్రశ్న: లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు ఒకేసారి జరిగేలా 129వ సవరణ బిల్లును ఆమోదించాలా?

మొదట అనుకున్నది: వద్దు. 10కి 8.

ఇప్పుడు అనుకుంటున్నది: ఒకేసారి జరగడానికి నాకు అభ్యంతరం లేదు. ఈ రూపంలో బిల్లు మాత్రం వద్దు. మిగిలిన కాలానికే ఎన్నిక అనే నిబంధన, వాయిదా అధికారానికి స్పష్టమైన గడువు లేకపోవడం నాకు సమ్మతం కాదు. 10కి 6.

నన్ను కదిలించినవి: మామయ్య నాలుగు డ్యూటీలు. 2019 ఒడిశా ఫలితం. తెలంగాణకు ఆరు నెలల అసెంబ్లీ వచ్చే లెక్క.

ఏం తెలిస్తే మార్చుకుంటాను: తొలి విడతలో ఏ అసెంబ్లీకీ గడువు అలా కుంచించుకుపోకుండా సవరణ వస్తే. వాయిదాకు ఇన్ని నెలలే అని పరిమితి పెడితే. స్థానిక ఎన్నికల డ్యూటీలు కూడా తగ్గేలా చూస్తే.

మళ్లీ తెరిచేది: సంయుక్త కమిటీ నివేదిక సభ ముందుకొచ్చిన వారం, మామయ్య ఇంట్లో, ఆయన కార్డు పక్కన పెట్టుకుని.